చాంబర్‌లో పాసైన సెట్టు అంతర్వేది గాలికి ఎందుకు మూగబోతోంది?

అంతర్వేది పల్లిపాలెంలో ఏ ఇంటికి వెళ్లినా ఒకసారి కిటికీ ఊచలు చూడండి. నాలుగైదేళ్ల కిందట వేసినవి కూడా పొరలు పొరలుగా రాలుతుంటాయి. టీవీ రిమోట్ వెనక మూత తీస్తే స్ప్రింగులకు పచ్చగా చిలుము కనిపిస్తుంది. కొత్త తాళం ఏడాది తిరక్కుండానే నూనె చుక్క వేస్తే గానీ తెరుచుకోదు. మా అమ్మమ్మ గారి ఊరు ఆ దారిలోనే కాబట్టి ఇవన్నీ చిన్నప్పటి నుంచి చూసినవే. తర్వాత చాలా ఏళ్లు హైదరాబాద్‌లో ఒక టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేశాను. సైన్యానికీ పోలీసులకీ వెళ్లే రేడియో సెట్లను చాంబర్ అనే మూసిన గదిపెట్టెలో వేడిలో, చలిలో, ఉప్పునీటి తుంపరలో పెట్టి పరీక్షించడం మా పని. అక్కడ పాసైన సెట్టు మా గోదావరి డెల్టాలో ఒక్క వర్షాకాలం గడిచేసరికి ఏటి మధ్యలోని పక్క లంక నుంచి వచ్చే మాట కూడా వినలేని స్థితికి రావడం కళ్లారా చూశాను. పరీక్షలో మోసమేమీ జరగలేదు. రిపోర్టులోని ప్రతి అంకె నిజమే. లోపం అంతా మనం అడిగే ప్రశ్నలో ఉంది.

సైనికుడు వీపున మోసే మ్యాన్‌ప్యాక్ సెట్టుకైనా, చేతిలో పట్టే వాకీటాకీకైనా మన దేశంలో పరీక్షలకు ఆధారం జేఎస్ఎస్ 55555. మూడు దళాలకూ అది ఉమ్మడి ప్రమాణం. అమెరికాలో 1962లో మొదలైన సైనిక ప్రమాణం మిల్ స్టాండర్డ్ 810ని ప్రపంచమంతా వాడుతుంది, దానికి 2019లో ‘హెచ్’ కూర్పు వచ్చింది. రెండింటి దారీ దాదాపు ఒకటే. ఎక్కువ వేడి, తక్కువ వేడి, తేమ, వాన, దుమ్ము, ఉప్పు, బూజు, కుదుపు, మునక, ఇలా ఒక్కో కష్టానికి ఒక్కో పరీక్ష ఉంటుంది. పడేసి చూసే పరీక్షలో సెట్టును 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు వదులుతారు. పెట్టెకు ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు కదా, ఒక్కోదాని మీద ఒక్కోసారి పడాలి. మొదటిసారి చూసినవాళ్లకు గుండె గుభేలుమంటుంది. బూజు పరీక్షకైతే 28 రోజులు పడుతుంది. బూజు బీజాలు చల్లి, వెచ్చని తేమలో ఉంచి, ఏ రబ్బరు మీద, ఏ పూత మీద మొలిచిందో చూస్తారు.

ఈ పరీక్షల వెనక చేదు అనుభవాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూగినీ అడవుల్లో మిత్రరాజ్యాల సెట్లు తూటా తగలకుండానే పాడైపోయాయి. తేమ తీగ చుట్టల్లోకి దిగింది, తీగల నూలు తొడుగుల మీద బూజు పట్టింది, బ్యాటరీలు నిల్వలో ఉండగానే నీరుగారాయి. ఆ తర్వాతే లోపలి భాగాలకు బూజు మందు కలిపిన వార్నిష్ పూయడం మొదలైంది. అంటే ఉష్ణమండలపు తడి రేడియోకి ఎంత పెద్ద శత్రువో సైన్యాలకు ఎనభై ఏళ్ల కిందటే తెలుసు.

అయినా మన దేశంలో ‘కఠిన వాతావరణం’ అనగానే అందరికీ సియాచిన్, థార్ ఎడారి గుర్తొస్తాయి. ఆ భయం సహజమే. గడ్డకట్టే చలిలో బ్యాటరీ సత్తువ సగానికి పడిపోతుంది, ఇసుక స్విచ్చుల్లో ఇరుక్కుంటుంది. కానీ 34 డిగ్రీల ఎండ, ఉక్కపోత, సముద్రపు గాలి అంటే ఎవరికీ టెన్షన్ ఉండదు. చలి సెట్టును అక్కడికక్కడే ఆపేస్తుంది, వెచ్చబడగానే చాలా సెట్లు మళ్లీ పలుకుతాయి. ఉప్పుగాలి అలా కాదు. రోజుకింత చొప్పున తినేస్తుంది, తిన్నది తిరిగి రాదు.

ఎలా తింటుందో కాస్త వివరంగా చెప్పాలి. మామూలు ఉప్పు పొడిగా ఉన్నంతసేపు లోహానికి పెద్దగా హాని చేయదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మాత్రం ఆ గాలిలోని నీటిని పీల్చుకుని తానే కరిగిపోతుంది. వానాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పుడబ్బా నీరుకారడం ప్రతి ఇంట్లో చూసేదే. కోనసీమ తీరంలో రాత్రి పూట తేమ ఆ హద్దు దాటడం మామూలు విషయం. మధ్యాహ్నం ఎండకు ఆరుతుంది, రాత్రికి మళ్లీ తడుస్తుంది. సెట్టు యాంటెనా బిగించే చోట, బ్యాటరీ ఆనే రేకుల మీద పేరుకున్న సన్నని ఉప్పు పొర రోజుకోసారి ఇలా ద్రవమై, మళ్లీ గట్టిపడుతుంది. అక్కడ రెండు వేర్వేరు లోహాలు తాకుతుంటే ఆ ఉప్పునీరే చిన్న బ్యాటరీలా పనిచేసి వాటిలో ఒకదాన్ని కొరికేస్తుంది. తడి ఒక్కటే ఉండటం కంటే తడి, పొడి మారి మారి రావడం ఎక్కువ చెరుపు. 810లో ఉప్పు పరీక్షను 24 గంటలు తడి, 24 గంటలు పొడి చొప్పున రెండు విడతలుగా మార్చింది అందుకే. మొత్తం నాలుగు రోజులు. మా తీరంలో అది ఏడాది పొడవునా ఆగదు.

రెండోది, సెట్టు ఊపిరి పీల్చడం. ఎంత గట్టిగా మూసిన పెట్టె అయినా ఎండలో వేడెక్కితే లోపలి గాలి ఉబ్బి, మూత అంచున బిగించే రబ్బరు గాస్కెట్ సందుల్లోంచి కొంచెం బయటకు పోతుంది. సాయంత్రం జల్లు పడి ఒక్కసారిగా చల్లబడితే అదే సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఇక్కడ బయటి గాలి అంటే చెమ్మ, ఉప్పు. మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా చుక్క దిగని ఐపీ 67 సెట్టు కూడా నెలల తరబడి ఇలా గుక్కగుక్కగా తేమ తాగవచ్చు. మునక పరీక్షకు కొత్త గాస్కెట్ ఉన్న కొత్త సెట్టును తెస్తారు. ఏడాది ఎండకు గట్టిపడి, పదిసార్లు విప్పి బిగించిన గాస్కెట్‌ను ఎవరూ తేరు.

2022 జులైలో గోదావరికి వరద వచ్చినప్పుడు ఊళ్లోనే ఉన్నాను. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. 1986లో 35 లక్షలు దాటిన రోజులను తలచుకుని పెద్దవాళ్లు ఏటిగట్టు మీదే కాపలా కాశారు. లంక గ్రామాలకు పడవల్లో వెళ్తున్న ఒక సహాయక బృందం కుర్రాడి చేతిలో వాకీటాకీ ఉంది. అవతలివాళ్ల మాట వినిపిస్తోంది. తను మాట్లాడదామని బటన్ నొక్కగానే సెట్టు ఆగిపోతోంది. “బ్యాటరీ నిన్ననే మార్చానండీ, అయినా ఇంతే” అన్నాడు. తీసి చూస్తే లోపల చుక్క నీరు లేదు, బ్యాటరీ నిండుగా ఉంది. రేకుల మీద మాత్రం చిలుము. వినేటప్పుడు సెట్టు లాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి చిలుము అడ్డు తెలియదు. మాట్లాడేటప్పుడు ఒకటిన్నర ఆంపియర్ దాకా లాగాలి. అర ఓమ్ నిరోధం అడ్డుపడినా ముప్పావు వోల్టు అక్కడే పోతుంది, బ్యాటరీ అయిపోయిందనుకుని సెట్టు తనంతట తాను ఆగిపోతుంది. జేబురుమాలుతో గట్టిగా రుద్దితే పని చేసింది. ఆ సెట్టు ఏ పరీక్షలు పాసైందో ఊహించడం నాకు కష్టం కాదు. చిలుము పట్టిన రేకులతో, పూర్తి పవర్‌తో అరగంట మాట్లాడించి చూడమని ఏ పరీక్షా గట్టిగా అడగదు.

ల్యాబ్‌లో పనితీరు పరీక్ష వేరు, వాతావరణ పరీక్ష వేరు. మొదటిదాంట్లో రిసీవర్ ఎంత సన్నని సిగ్నల్‌ని వినగలదు, ట్రాన్స్‌మిటర్ ఎన్ని వాట్లు ఇస్తుంది, ఫ్రీక్వెన్సీ ఎంత జరుగుతుంది అని చల్లని గదిలో జాగ్రత్తగా కొలుస్తాం. రెండోదాంట్లో చాంబర్‌లోంచి తీశాక చాలాసార్లు చూసేది సెట్టు బతికుందా లేదా అని. ఆన్ అయింది, మాట వినిపించింది, టిక్కు పెట్టేశారు. ప్రమాణాలు పరీక్షకు ముందు, మధ్యలో, తర్వాత కొలవమనే చెబుతాయి. ఆ కొలతలు ఎంత లోతుగా ఉండాలన్నది కొనేవాళ్లు పెట్టే షరతును బట్టి ఉంటుంది. మనవాళ్లు పట్టుబట్టాల్సింది అక్కడే. సిగ్నల్ బలం ఎంత తగ్గిందో డెసిబెల్స్‌లో లెక్కిస్తాం. అడ్డంకి లేని ఖాళీలో 6 డెసిబెల్స్ నష్టమైతే మాట చేరే దూరం సగమవుతుంది. నేలబారున, మనిషి ఎత్తులో రెండు సెట్లు మాట్లాడుకునేటప్పుడు సుమారు 12 డెసిబెల్స్ పోతే సగమవుతుంది. యాంటెనా మొదట్లో చిలుము, తడిసిన కొబ్బరి తోట, నడుములోతు నీళ్లలో నిలబడ్డ మనిషి, ఈ మూడూ కలిస్తే 12 డెసిబెల్స్ పెద్ద లెక్క కాదు. చచ్చిన సెట్టును ఎవరైనా గుర్తిస్తారు. సగం దూరమే వినే సెట్టును ఎవరూ గుర్తించరు, ‘అక్కడ సిగ్నల్ రాదండీ’ అనేసి ఊరుకుంటారు. ఏటికి అవతల మనుషులున్నప్పుడు ఆ మాట ఎంత ఖరీదైనదో 1996 నవంబర్ 6 రాత్రి తుపాను చూసిన కోనసీమకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ప్రమాణాలు రాసినవాళ్లకు ఇదంతా తెలియక కాదు. ఉప్పు పరీక్షలో ఇన్ని గంటలు తట్టుకుంటే సముద్ర తీరంలో ఇన్ని నెలలు తట్టుకున్నట్టు అని లెక్క కట్టవద్దని 810లోనే స్పష్టంగా ఉంది. తేమ పరీక్షలో 30 నుంచి 60 డిగ్రీల మధ్య, 95 శాతం తేమలో పది రోజులు తిప్పడం కూడా ప్రకృతిని పోలి ఉండటానికి కాదు, బలహీనతను త్వరగా బయటపెట్టడానికి. పరీక్షల వరుస కూడా ముఖ్యమే. ఒకే సెట్టుకు ముందు ఉప్పు పరీక్ష చేసి తర్వాత బూజు పరీక్ష చేస్తే ఉప్పు బూజును మొలవనివ్వకపోవచ్చు, సెట్టు సులువుగా గట్టెక్కుతుంది. సెట్టు ఎక్కడ పనిచేయాలో చూసుకుని పరీక్షలను దానికి తగ్గట్టు కుట్టించుకోవాలన్నదే 810 అసలు ఉద్దేశం. మార్కెట్లో ‘మిలిటరీ గ్రేడ్’ ముద్ర వేసుకున్న సెట్లలో చాలావాటికి రెండు మూడు పరీక్షలే చేసి ఉంటారు, అదీ కంపెనీ తనకు నచ్చినవి. ఆ ముద్రను ధ్రువీకరించే సంస్థ ఏదీ లేదు. జిల్లా స్థాయిలో కొనుగోళ్లు చేసే అధికారులు ఈ సంగతి తెలుసుకోవాలి. ముద్ర చూసి సంతకం పెట్టకుండా పూర్తి రిపోర్టు తెప్పించుకుని చదవాలి.

ప్రకృతిలో పెట్టి పరీక్షించడం నెమ్మది, ఈ ఏటి వాన వచ్చే ఏడు అలాగే కురవదు, రెండు కంపెనీల సెట్లను సరిసమానంగా పోల్చలేం అని నా పాత సహోద్యోగులు వాదిస్తారు. ఆ మాటలో న్యాయం ఉంది. చాంబర్ పది రోజుల్లో చెత్త డిజైన్‌ను పట్టేస్తుంది, దాన్ని వదులుకోమని నేను అనను. అయితే చాంబర్ చెప్పింది నిజమో కాదో బయట సరిచూసుకోవాలి కదా. అమెరికా సైన్యం పనామా అడవుల్లో ఉష్ణమండల పరీక్షా కేంద్రాన్ని దశాబ్దాల పాటు నడిపింది అందుకే. మన దగ్గర కూడా కారైకుడిలోని కేంద్ర విద్యుత్ రసాయన పరిశోధన సంస్థకు మండపం తీరంలో లోహాలను సముద్రపు గాలికి ఉంచి పరీక్షించే కేంద్రం ఉంది. లోహపు పలకలకు చేస్తున్న పని పనిచేసే రేడియోలకు చేయలేమా?

అందుకు గోదావరి డెల్టా కంటే మంచి చోటు నాకు కనిపించడం లేదు. అంతర్వేది దగ్గర నేరుగా సముద్రపు గాలి తగులుతుంది, కోరంగిలో మడ అడవుల ఉప్పు బురద ఉంది, గౌతమి ఒడ్డు లంకల్లో దట్టమైన కొబ్బరి తోటలున్నాయి. మూడూ ఒక్క రోజు ప్రయాణంలో తిరిగి రావచ్చు. కాకినాడ తీరంలో భారత, అమెరికా దళాలు 2019 నుంచి టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు చేస్తున్నాయి, అవి విపత్తు సహాయం కోసమే రూపొందినవి. నీళ్లలోంచి ఒడ్డుకు దిగే జవాను వీపు మీద సెట్టు మొదటి గంటలోనే ఉప్పునీరు తాగుతుంది. కాకినాడ జేఎన్‌టీయూలో కొలతలు తీసుకోగల ఎలక్ట్రానిక్స్ విద్యార్థులున్నారు, కాస్త అవతల మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ ఉంది. ఇంటికో జవాను అని పేరున్న తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరంలో, సెట్టు మోసి భుజం కాయలు కాసిన విశ్రాంత సైనికులు దొరక్కపోరు. బటన్ ఎక్కడ ఉండాలో, తడి చేతికి ఏది జారుతుందో ఏ ఇంజినీరు కంటే వాళ్లే బాగా చెప్పగలరు.

ఇంకొక్క మాట. సెట్టులో మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందో తేల్చడానికి వాడే ఒక పేరున్న పరీక్షలో ఒకేలా వినిపించే ఇంగ్లిష్ మాటలు ఆరేసి చొప్పున 50 జట్లు ఉంటాయి. గాలివానలో మైకులోకి జల్లు కొడుతుండగా మన కుర్రాడు అరిచేది తెలుగులో. గట్టు, కట్టు, పట్టు, జట్టు, వీటిలో ఏది అన్నాడో అవతలివాడికి తెలియాలి. తెగింది గట్టో కట్టో తేలకపోతే పడవ ఎటు వెళ్తుంది? ఆ జాబితా మన మాటలతో మనమే రాసుకోవాలి, అదేమంత కష్టం కాదు.

పరీక్ష ఇలా ఉంటే చాలు. ప్రతి సెట్టునూ జవాను వాడినట్టే రోజూ ఆన్ చేయాలి, యాంటెనా విప్పి బిగించాలి, బ్యాటరీ మార్చాలి. వారానికోసారి రిసీవర్ సెన్సిటివిటీ (ఎంత సన్నని సిగ్నల్ వినగలదో), ట్రాన్స్‌మిటర్ వాట్లు, రేకుల నిరోధం కొలిచి రాయాలి. అదే రకం సెట్లను కొన్నింటిని చాంబర్‌లో మామూలు పద్ధతిలో పరీక్షించి రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టాలి. మొదటి ఏడాదికి పది సెట్లు, ఒక సిగ్నల్ జనరేటర్, సముద్రపు గాలి నేరుగా తగిలే ఒక పాక సరిపోతాయి. జూన్‌లో మొదలుపెడితే నైరుతి వానలూ తుపానుల కాలమూ రెండూ దాటి, డిసెంబర్ చివరికి అంకెలు చేతికి వస్తాయి.