ఒక్క మెతుకు దేనికి, పంక్తికే వడ్డించండి

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునన్న పెద్దల మాటలో పొదుపు ఉందేమో గాని, సమానత్వం బొత్తిగా లేదు. మెతుకు నలిపి చూసే భాగ్యం వంటవాడికొక్కడికే దక్కడమేమిటి? ఎసరు తెర్లకముందే గుండిగ దించి, పంక్తిలో కూర్చున్న వారందరికీ కొసరి కొసరి వడ్డించి, ఎవరి పొట్ట ఎలా ఉందో మర్నాడు వాకబు చేస్తే ఉడుకు సంగతి ఇంకా నిక్కచ్చిగా తేలుతుంది. పరీక్షలు పూర్తికాని బీటా సాఫ్ట్‌వేర్‌ను అందరూ వేసుకోండని ఊరంతా టముకు వేస్తున్న మన టెక్ గ్రూపులు ఆచరిస్తున్నది ఈ పద్ధతినే. దాన్ని బాధ్యతారాహిత్యమని కొందరు నిందిస్తున్నారు కనుక, గ్రూపుల పక్షాన నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను.

ముందుగా తయారీదారుల పిరికితనం గురించి చెప్పాలి. ఆపిల్ సంస్థ 2015లో ఐఫోను బీటాను సామాన్యులకు కూడా అందుబాటులోకి తెచ్చింది గాని, బ్యాకప్ తీసుకోండి, రోజూ వాడే ఫోనులో కాక అదనంగా ఉన్న మరో ఫోనులో వేసుకోండి అని సన్నాయినొక్కులు నొక్కుతూనే ఉంది. ఆండ్రాయిడ్ బీటాలో చేరినవాడు మధ్యలో మనసు మార్చుకుని పాత దారికి రావాలంటే ఫోనులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుని రావలసిందేనని గూగుల్ కూడా ముందే చెబుతుంది. అదనపు ఫోను అనే మాట రాసినవారికి మన ఇళ్ల సంగతి తెలియదు. మన దగ్గర అదనపు ఫోను అంటే అద్దం పగిలిన తరువాత అమ్మకో, మామగారికో సంక్రమించిన ఫోను. వాళ్ల పింఛను మెసేజీలూ, గ్యాస్ బుకింగూ, మనవల ఫొటోలూ అన్నీ అందులోనే ఉంటాయి.

అదృష్టవశాత్తు ఇటువంటి హెచ్చరికలకు దూర ప్రయాణం పడదు. తయారీదారు పేజీలో పది వాక్యాలుగా బయలుదేరిన జాగ్రత్త మొదటి గ్రూపుకు చేరేసరికి "చిన్న చిన్న బగ్స్ ఉన్నాయి, డైలీ యూజ్‌కి ఓకే" అవుతుంది. రెండో గ్రూపులో "స్టేబులే అన్నా, డౌటు పడకు" అవుతుంది. కుటుంబ గ్రూపులోకి వచ్చేసరికి గులాబీ పువ్వు బొమ్మ కింద "అందరూ తప్పక వేసుకోగలరు" అన్నంత వరకే మిగులుతుంది. లింకు మాత్రం ఎక్కడా చెక్కుచెదరదు. అవసరమైనదాన్ని ఉంచి అనవసరమైనదాన్ని కత్తిరించే ఈ నైపుణ్యం ముందు ఏ పత్రికా సంపాదకుడైనా దిగదుడుపే.

నా అనుభవమే విన్నవిస్తాను. మా బావమరిది అటువంటి ఒక గ్రూపుకు అడ్మిన్. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు "బావా, రాకెట్‌లా పోతోంది, బ్యాటరీ అసలు దిగట్లేదు" అంటూ నా ఫోనులోనూ, మామగారి ఫోనులోనూ ఒక బీటా వేసి పెట్టాడు. బ్యాటరీ దిగని మాట వాస్తవమే. పొద్దున 64 శాతం దగ్గర నిలిచిన అంకె, ఫోను దానంతటదే ఆరిపోయే క్షణం దాకా 64గానే ఉంది. కనుమ నాడు మినుము తినాలి కదా అని వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లి, కిలో మినపగుళ్లూ నూనె ప్యాకెట్టూ తీసుకుని క్యూఆర్ కోడ్ ముందు నిలబడితే, ఈ పరికరం సురక్షితం కాదంటూ బ్యాంకు యాప్ తలుపులు వేసేసుకుంది. నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. కొట్టు యజమానిగారు నా ముఖం చూసి, గల్లాపెట్టె కింద నుంచి అట్ట చిరిగిన పొడుగాటి ఖాతా పుస్తకం తీసి, చెవి మీది పెన్సిలుతో నా పేరు రాసుకుని "రేపివ్వండి సార్, ఏం ఫరవాలేదు" అన్నారు. ఆ పుస్తకానికి ఎన్నేళ్లుగానో అప్‌డేట్ లేదు.

ఇంతమాత్రానికే బీటాను తప్పుపట్టడం న్యాయం కాదు. 2018 ఫిబ్రవరిలో సాక్షాత్తు మన తెలుగక్షరమే బీటా పక్షాన సాక్ష్యం చెప్పింది. సకల పరీక్షలూ దాటి విడుదలైన ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోనుకు "జ్ఞా" అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనబడని ఒక సంకేతాన్ని ఇరికించి పంపితే మెసేజీల యాప్ కుప్పకూలేది. నోటిఫికేషనులో కనబడితే ఫోనే తలకిందులయ్యేది. జ్ఞానంలోని మొదటి అక్షరానికే సొమ్మసిల్లిన ఆ పరికరాన్ని స్మార్ట్ ఫోను అనే పిలిచేవారు. అప్పటికే 11.3 బీటా వేసుకున్న వారికి మాత్రం చీమ కుట్టినట్లయినా లేదు. ఆ నెల 19న 11.2.6 వచ్చి మరమ్మతు చేసేదాకా, తెలుగు ఎక్కడ మాట్లాడతారో కూడా తెలియని మనుషులు ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకుని ఒకరి ఫోను మీదికి ఒకరు విసురుకున్నారు. అంతకు రెండు నెలల ముందు హైదరాబాదులో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభలు కూడా మన లిపికి అంతటి వ్యాప్తి తేలేకపోయాయి.

ఫిర్యాదులు చేసేవారి వల్ల ప్రయోజనం లేదనడానికి అదే ఏడాది మరో నిదర్శనం దొరికింది. మైక్రోసాఫ్ట్ అక్టోబరు 2న విడుదల చేసిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లనూ ఫొటోలనూ చెరిపేయడంతో, నాలుగు రోజులకే దాన్ని ఆపవలసి వచ్చింది. నష్టం చెప్పుకున్నవారు పదివేలలో ఒక్కరేనని సంస్థ ప్రకటించింది. ముందుగా పరీక్షించిన ఇన్‌సైడర్లలో కొందరు ఈ సంగతి విడుదలకు ముందే రాసి పెట్టారు గాని, ఆ ఫిర్యాదులకు పెద్దగా ఓట్లు పడక అడుగున ఉండిపోయాయి. దస్త్రాలు మాయమవుతున్నాయనే మాట కన్నా వాల్‌పేపరు బాగుందనే మాటకే లైకులు ఎక్కువ పడడం లోక సహజం.

ఇక మా వాదానికి కొంచెం ఇబ్బంది కలిగించే ఉదంతం ఒకటుంది. కంప్యూటర్లను నడిపే లినక్స్ వ్యవస్థలలో ఎక్స్‌జెడ్ అని దస్త్రాలను కుదించే ఒక చిన్న పనిముట్టు ఉంటుంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపికగా దానికి సేవ చేసి, నమ్మకం సంపాదించి, 2024లో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. ఆపైన కొత్త విశేషాలు భేషుగ్గా ఉన్నాయని, త్వరగా చేర్చుకోమని ఫెడోరా అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవారి వెంట వారాల తరబడి పడ్డారు. ఇంతటి ప్రచార దీక్ష ఉన్న మనిషి మన గ్రూపులో ఉండి ఉంటే ఎప్పుడో అడ్మిన్ అయ్యేవారు. డెబియన్ అనే మరో లినక్స్ రకంలో ఇంకా పరీక్షలో ఉన్న అస్థిర శాఖను వాడుతున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మాత్రం, దూరపు కంప్యూటరులోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తీగ లాగి, డొంకంతా కదిలించి, మార్చి 29న లోకానికి చెప్పారు. ఆయనా పరీక్ష పూర్తికాని సరుకు వాడినవారే. కానీ లింకు పంచలేదు, రాకెట్ అనలేదు, అర సెకను లెక్కపెట్టారు. అదే సందేహాన్ని మన గ్రూపులో అడిగి ఉంటే "అర సెకనే కదా అన్నా, అడ్జస్ట్ అవ్వు" అని ఒకరూ, "నాకైతే బాగానే ఉంది, నీ ఫోనులోనే ప్రాబ్లం" అని మరొకరూ సమాధానపరిచి, ఆ దొంగదారి కలకాలం నిలిచేలా చూసేవారు.

నా కేసు సంగతికొస్తే, బ్యాటరీ అంకెను గురించి గ్రూపులో రాసినందుకు నన్ను నెగెటివ్ మనిషినని తీసేశారు. తయారీదారుకు రాశావా అని మా బావమరిదిని అడిగితే, అలా రాయడానికి ఒక చోటుంటుందని అతనికి తెలియదు. మామగారి ఫోనును పాత దారికి తేవడానికి, గూగుల్ చెప్పినట్లే ఉన్నదంతా తుడవవలసి వచ్చింది. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు అందులో తప్ప ఇంకెక్కడా లేవు. ఆయన ఏమీ అనలేదు. ఖాళీ గ్యాలరీని వేలితో పైకీ కిందికీ జరుపుతూ చాలాసేపు కూర్చున్నారు.

ఆ సాయంత్రమే మా బావమరిది నుంచి మెసేజీ వచ్చింది: "బావా, బీటా 2 వచ్చింది, నాన్న ఫోనులో వెయ్యి. ఇది వేస్తే ఫొటోలు పోవట."