జనతా వాచీకి తలంటు

పాత వాచీల ప్రాణం తీసేది చాలాసార్లు టూత్‌పేస్టే. పేస్టు తప్పేం లేదు పాపం. బీరువాలోంచి తాతగారి హెచ్ఎంటీ జనతా బయటపడుతుంది. దాని అద్దం నిజానికి యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. బఠాణీ గింజంత తెల్ల పేస్టు పెట్టి మెత్తని గుడ్డతో ఐదు నిమిషాలు రుద్దితే సన్నగీతలు పోయి తళతళలాడుతుంది. అక్కడితో ఆగే మనవడు అరుదు. "పైనే ఇంత మెరిస్తే లోపల డయల్ ఇంకెంత మెరవాలి!" అనుకున్నాడా, వాచీకి మూడినట్టే.

యాక్రిలిక్ ఎంత అరిగినా కింద మళ్లీ యాక్రిలిక్కే. డయల్ సంగతి వేరు. అర మిల్లీమీటరు మందం ఇత్తడి రేకు, దానిమీద వెండిపూతో రంగో, ఆపైన పల్చటి లాకరు అనే వార్నిష్ పూత, చాలావాటిలో అందరికన్నా పైన అక్షరాలు. రుద్దే వేలికి ముందు దొరికేది కంపెనీ పేరే!

మనవడు దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచుతాడు. మొదటి తుడుపుకి దూది పసుపుపచ్చగా అవుతుంది. "అబ్బో, ఎంత మురికో!" అని పొంగిపోతాడు. అది మురికి కాదు, కరిగిన లాకరు. రెండో తుడుపుకి దూది నల్లబడుతుంది. ఆ నలుపు పేరు జనతా. మూడోదానికి హెచ్ఎంటీ కూడా సెలవు తీసుకుంటుంది. జిగటగా మారిన లాకరుకి దూది పోగులు అంటుకుని డయల్‌కి గడ్డం మొలుస్తుంది. అద్దాలు తుడిచే నీలం మందులో అమ్మోనియా ఉంటే అదీ ఇదే పని చేస్తుంది, కాస్త సువాసనతో.

డయల్ విడిగా తీసి కడుగుదామనే ఘనులూ ఉన్నారు. రేకు వెనక రెండు సన్నని కాళ్లుంటాయి, వాటిని మెషిన్ అంచున బుల్లి మరలు పట్టి ఉంచుతాయి. మరలు వదులు చేయకుండా స్క్రూడ్రైవరు దూర్చి లేపితే కాలు విరుగుతుంది. మళ్లీ టంకం వేస్తే ఆ వేడికి ముందువైపు రంగు పొంగుతుంది.

ఇంకా పాత వాచీల్లో, అంకెల మీద వెలుగు పూత ఉంటే అసలు గోకొద్దు. అది రేడియోధార్మికమైన రేడియం కావచ్చు. ఇప్పుడు వెలగట్లేదంటే అలసిపోయింది దాని తాకిడికి వెలిగే పక్కనున్న జింక్ సల్ఫైడ్ పొడే. రేడియం సగం తగ్గడానికే దాదాపు 1,600 ఏళ్లు పడుతుంది, ఆ పొడి మాత్రం ఊపిరితిత్తుల్లోకి క్షణంలో వెళ్తుంది.

తప్పదనుకుంటే రబ్బరు బుడ్డితో గాలి కొట్టాలి. నోటితో ఊదితే తుంపర పడుతుంది. ఆ తర్వాత వాచీ మెకానిక్కులు వాడే మెత్తని పుట్టీని కేసు కింద దాగే అంచు మీద అద్ది చూడాలి. రుద్దకూడదు. దానికి రవ్వంత రంగు అంటినా పని ఆపేసి మూత పెట్టేయాలి.

డయల్ పూర్తిగా బోసిపోయాక మిగిలిన దారి కొత్త రంగు, కొత్త ప్రింటు. అక్షరాలు లావెక్కుతాయి, నిమిషాల గీతలు ముళ్లతో పేచీ పడతాయి, రంగేమో ఫ్యాక్టరీ కలలో కూడా చూడని చిలకపచ్చ. సేకర్తలు ఆమడ దూరం నుంచే పసిగట్టి ధర సగానికి కోస్తారు. ఇంట్లోవాళ్లు మాత్రం "కొత్తదానిలా చేశావురా!" అని మెచ్చుకుని, అమ్మమ్మగారి వాచీ కూడా తెచ్చి చేతిలో పెడతారు.