పిల్లల చెవి మిషన్: కొన్నాకే అసలు పని

పాపకో బాబుకో వినికిడి లోపం ఉందని తేలిన ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ‘ఏ కంపెనీ మిషన్ మంచిది?’ అని. ఆ వెంటనే ‘ఎంతవుతుంది?’ అని. కర్నూలు, అనంతపురం, కడప ఏ జిల్లా అయినా ఈ రెండు ప్రశ్నలు పట్టుకునే తల్లిదండ్రులు హైదరాబాదుకో బెంగళూరుకో బస్సెక్కుతున్నారు. అప్పో సప్పో చేసి, ఒక్కోసారి మెడలోని బంగారం కుదువబెట్టి జత మిషన్లు కొనుక్కొస్తున్నారు. ఏడాది తిరిగేసరికి వాటిలో కొన్ని డబ్బాతో సహా బీరువాలోకి చేరిపోతున్నాయి. ‘మా వాడు పెట్టుకోడండీ, పీకి పారేస్తాడు’ అంటారు. పిల్లాడిది మొండితనం అనుకుంటారు. చాలాసార్లు మౌల్డ్, అంటే చెవి కొలతకు చేసి లోపల పెట్టే మెత్తటి బిరడా, గుచ్చుకుంటూ ఉంటుంది, లేదంటే శబ్దం చెవి భరించలేనంత ఎక్కువగా పెట్టి ఉంటారు, అదీ కాకపోతే ఏమీ తెలియనంత తక్కువగా పెట్టి ఉంటారు. వీటిని సరిచేయాల్సిన మనిషి రెండు వందల కిలోమీటర్ల అవతల ఉన్నాడు.

అందుకే ఒక మాట సూటిగా చెప్పాలి. పెద్దవాళ్ల సంగతి ఎలా ఉన్నా, పిల్లలకు మిషన్ కంటే ముందు ఎంచుకోవాల్సింది ఆడియాలజిస్టును, అంటే వినికిడిని పరీక్షించి మిషన్ సెట్ చేసే నిపుణుణ్ని. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే దూరంలో పిల్లల చెవులు తెలిసిన ఆడియాలజిస్టు ఉంటే, మధ్యరకం మిషన్ కూడా బాగా పనిచేస్తుంది. ఆ మనిషి లేకపోతే ఎంత ఖరీదైనదీ పనికిరాదు.

ముందు వయసు గురించి. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషన్. వైద్యులు పెట్టుకున్న లెక్క ఇది. మన దగ్గర రెండేళ్లు దాటితే గానీ అనుమానమే రాదు. ‘వాళ్ల నాయన కూడా మూడేళ్లకు మాట్లాడినాడు’, ‘మగపిల్లోళ్లకు మాటలు లేటుగా వస్తాయిలే’ అని ఇంట్లో పెద్దవాళ్లు సర్దిచెబుతారు. వెనక నుంచి పళ్లెం మోగిస్తే తిరిగి చూశాడు కాబట్టి వినపడుతోందని నమ్ముతారు. పళ్లెం మోత చాలా పెద్ద శబ్దం. అది వినపడిన చెవికి ‘స’, ‘చ’, ‘త’ లాంటి సన్నని అక్షరాలు అందకపోవచ్చు, అప్పుడు మాట ముక్కలు ముక్కలుగా చేరుతుంది. పైగా రాయలసీమలో మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. రక్తసంబంధంలో పెళ్లిళ్ల వల్ల పుట్టుకతో వచ్చే చెవుడు ముప్పు పెరుగుతుంది. తల్లిని నిందించడానికి ఈ మాట ఎత్తడం లేదు. అలాంటి ఇంట్లో బిడ్డ పుడితే ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యేలోపే ఓఏఈ పరీక్ష అడిగి చేయించుకోవాలని చెప్పడానికే. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చేసే ఈ పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టుకతో వచ్చే చెవుడును గుర్తించి, పిల్లల లోపాలకు తొలిదశలోనే చికిత్స చేసే జిల్లా స్థాయి డీఈఐసీ కేంద్రానికి పంపే ఏర్పాటు ఉంది. అడిగితే ఆశా కార్యకర్త దారి చూపిస్తారు, అడగండి.

తర్వాత వచ్చేది బెరా పరీక్ష. శబ్దానికి చెవి నరం, మెదడు ఎలా స్పందిస్తున్నాయో బిడ్డను నిద్రపుచ్చి కొలుస్తారు. చాలా ఇళ్లలో మందుల చీటీల మధ్య మడతపెట్టిన ఒక కాగితం కనిపిస్తుంది, ‘90 దగ్గర రెస్పాన్స్ లేదు’ అని రాసి ఉంటుంది, అంటే 90 డెసిబెల్స్ అంత గట్టి శబ్దానికీ స్పందన లేదని. ఆ ఒక్క వాక్యం మీద బిడ్డ జీవితం తేల్చేస్తారు. సాధారణంగా చేసే బెరాలో ‘క్లిక్’ అనే ఒకే రకం శబ్దం వాడతారు, అది ఎక్కువగా పై స్థాయి ఫ్రీక్వెన్సీల, అంటే సన్నటి శబ్దాల గురించే చెబుతుంది. కింది స్థాయిలో, అంటే ‘ఊ’, ‘మ’ లాంటి శబ్దాల దగ్గర, ఎంతో కొంత వినికిడి మిగిలి ఉండొచ్చు. అందుకే మిషన్ సెట్ చేయాలంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర విడివిడిగా కొలిచే టోన్ బర్స్ట్ బెరా గానీ ఏఎస్ఎస్ఆర్ గానీ కావాలి. బిడ్డ కాస్త ఎదిగాక, రెండున్నర మూడేళ్లకు, శబ్దం వినపడినప్పుడల్లా ఒక బిళ్ల డబ్బాలో వేయించే ఆట లాంటి పరీక్షతో ఆ లెక్కను మళ్లీ సరిచూసుకోవాలి. ఈ రిపోర్టులు లేకుండానే మిషన్ అమ్మజూపే చోట కొనకండి. చెవిలో చీము కారుతుంటే ముందు ఈఎన్‌టీ డాక్టరు దగ్గర అది తగ్గించుకోవాలి. చీము కారే చెవిలో మౌల్డ్ పెట్టకూడదు.

ఇక మోడల్. ‘కనపడని మిషన్ ఇవ్వండి’ అని తల్లిదండ్రులు అడుగుతారు, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో. రేపు పెళ్లి మాటలు వచ్చినప్పుడు ఏమంటారోనని ఇప్పటి నుంచే టెన్షన్. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ చెవి లోపల పూర్తిగా దూరిపోయే చిన్న మిషన్ పసిపిల్లలకు పనికిరాదు. చెవి దారి పెరుగుతూ ఉంటుంది, లోపం తీవ్రంగా ఉంటే ఆ చిన్న మిషన్‌కు అంత శక్తీ ఉండదు. చిన్నపిల్లలకు సరైనది చెవి వెనక కూర్చునే బీటీఈ రకం. మిషన్ వెనక ఉంటుంది, చెవిలోకి వెళ్లేది మెత్తటి మౌల్డ్ మాత్రమే. బిడ్డ ఎదిగితే మౌల్డ్ ఒక్కటే మారుతుంది, మిషన్ అదే ఉంటుంది. సెల్లు (బ్యాటరీ) పెట్టే అర పిల్లాడి వేళ్లకు తెరుచుకోకుండా లాక్ ఉండాలి. గుండీ అంత సెల్లును మింగితే ప్రమాదం, ఒక్క గంట కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. మన ఎండలకు, దుమ్ముకు, చెమటకు తట్టుకునేలా ఐపీ68 రేటింగ్ ఉన్నది చూసుకోండి. రాత్రి పూట సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెడితే తేమ లాగేస్తుంది.

మౌల్డ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కథంతా అక్కడే చెడుతోంది. చెవిలో మెత్తటి పేస్టు నింపి ముద్ర తీస్తారు, ఆ ముద్రతో సిలికాన్ మౌల్డ్ తయారు చేస్తారు. పండక్కి కొన్న చెప్పులు వచ్చే పండక్కి పట్టనట్టే, పసిబిడ్డకు ఈ మౌల్డ్ కొన్ని నెలలకే వదులవుతుంది. ఏడాదిలోపు పిల్లలకైతే రెండు మూడు నెలలకే మార్చాల్సి రావచ్చు. వదులైన మౌల్డ్ పక్క సందులోంచి శబ్దం బయటకు వచ్చి మళ్లీ మైకులోకి దూరి ‘కుయ్’మని కూస్తుంది. ఆ కూత భరించలేక ఇంట్లోవాళ్లు శబ్దం తగ్గించేస్తారు, లేదా మిషన్ తీసి పక్కన పెడతారు. కర్నూలు జిల్లా కోసిగి వైపు ఊళ్లలో ఈ సమస్య ఇంకో రూపంలో కనిపిస్తుంది. మిరపకాయల కోతకు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి పోతాయి, పిల్లల్ని వెంట తీసుకుపోతాయి. నెలల తర్వాత తిరిగొచ్చేసరికి మౌల్డ్ బిగుతు పోయి ఉంటుంది, మౌల్డ్‌ను మిషన్‌కు కలిపే గొట్టం గట్టిపడి పసుపురంగుకు తిరిగి ఉంటుంది, మిషన్ మాత్రం లోపల కొత్తగానే ఉంటుంది. కొత్త గొట్టం, కొత్త మౌల్డ్ పడితే అదే మిషన్ మళ్లీ పనిచేస్తుంది. ఆ చిన్న పని కోసం కోసిగి నుంచి కర్నూలు దాకా రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, ఇద్దరి బస్సు ఛార్జీలు అవుతాయి.

సెట్టింగ్ దగ్గర అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మిషన్‌ను కంప్యూటర్‌కు కలిపి, రిపోర్టు అంకెలు కొట్టి, ‘అయిపోయింది’ అంటే అది సగం పనే. పసిబిడ్డ చెవి దారి చాలా చిన్నది కాబట్టి, పెద్దవాళ్ల చెవిలో మామూలుగా ఉండే శబ్దం అక్కడ ఇంకా గట్టిగా మోగుతుంది. చెవిలోకి సన్నటి గొట్టం పెట్టి, కర్ణభేరి దగ్గరకు శబ్దం నిజంగా ఎంత చేరుతోందో కొలిచే పద్ధతి ఉంది. దాన్ని రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. పిల్లల కోసం తయారైన డీఎస్ఎల్ లాంటి సూత్రాల ప్రకారం సెట్ చేసి, ఆ కొలతతో సరిచూడాలి. ‘మీ దగ్గర ఈ కొలత చేస్తారా?’ అని అడగండి. ఛానెళ్లు (శబ్దాన్ని విడివిడిగా సరిచేసే భాగాలు) 8 కావాలా, 16 కావాలా, 20 కావాలా అనే బేరం కంటే ఈ ప్రశ్న వంద రెట్లు విలువైనది. ఇంకొకటి, ఇప్పటి డిజిటల్ మిషన్లు రోజుకు ఎన్ని గంటలు వాడారో లోపల రాసుకుంటాయి. చాలా వాటిలో ఈ సదుపాయం ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ ఆ అంకె చూపించమనండి. మెలకువగా ఉన్నంతసేపూ పెట్టుకుంటేనే మాట వస్తుంది, స్కూల్లో రెండు గంటలు పెడితే రాదు. రెండు చెవుల్లోనూ లోపం ఉంటే రెండింటికీ పెట్టాలి. ‘ముందు ఒకటి కొని చూద్దాం’ అనుకుంటే, మిగిలిన చెవికి అన్నేళ్లూ అలవాటు తప్పుతుంది.

ఇంట్లో తల్లి రోజూ చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దానికి ఏ పరికరమూ అక్కర్లేదు. నోరు కనపడకుండా పక్కన కూర్చుని, మామూలు గొంతుతో ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అని ఒక్కొక్కటి పలకాలి. బిడ్డ తిరిగి పలికినా సరే, బిళ్ల తీసి పక్కన పెట్టినా సరే. ఈ ఆరు శబ్దాల్లో మాటకు కావాల్సిన కింది, మధ్య, పై ఫ్రీక్వెన్సీలన్నీ వస్తాయి. నిన్నటిదాకా పట్టుకున్న ‘స్’ ఈరోజు పట్టుకోకపోతే సెల్లు అయిపోయి ఉండొచ్చు, గొట్టంలో చెమట నీరు నిలిచి ఉండొచ్చు, చెవిలో గుబిలి అడ్డుపడి ఉండొచ్చు. పొద్దున ఇడ్లీ పెట్టేటప్పుడు ఒక నిమిషం పని. షోరూంలో ఎవరూ ఇది నేర్పకపోతే నేర్పమని పట్టుబట్టాలి.

డబ్బు సంగతి. చెవి మిషన్ల మీద జీఎస్టీ లేదు, బిల్లులో వేస్తే ప్రశ్నించండి. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరంలో 40 శాతం, అంతకు మించి వైకల్యం ధ్రువీకరిస్తే పెన్షన్‌కు అర్హత వస్తుంది. 2024 జూలై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. దానిలో ముందు సెల్లులకు, మౌల్డ్‌కు, రాకపోకలకు పక్కన పెట్టుకోవాలని నా సలహా. కొనేటప్పుడు చేతిలో లక్ష ఉంటే లక్షా మిషన్‌కే పెట్టవద్దు. కనీసం మూడో వంతు తర్వాతి రెండేళ్ల మౌల్డ్‌లకు, సెల్లులకు, స్పీచ్ థెరపీకి ఉంచుకోండి. వైకల్యం ఉన్నవాళ్లకు పరికరాలిచ్చే కేంద్ర ప్రభుత్వ ఏడీఐపీ పథకం కింద, బడి పిల్లల కోసం విద్యాశాఖ పెట్టే సమగ్ర శిక్ష శిబిరాల్లో ఉచితంగా కూడా మిషన్లు ఇస్తారు. ఉచితమని వద్దనుకోనక్కర్లేదు. బిడ్డ రిపోర్టుకు సరిపోయే శక్తి ఉన్న డిజిటల్ బీటీఈ అయితే, బాగా సెట్ చేయిస్తే, పని చేస్తుంది. శిబిరాల మీద నా ఫిర్యాదు వేరే ఉంది. మిషన్ చేతికిచ్చి ఫొటో తీసుకున్న రోజుతో అక్కడ పని ముగిసిపోతోంది. మౌల్డ్ బదులు రెడీమేడ్ టిప్పుతో ఇచ్చిన మిషన్ తీవ్రమైన లోపం ఉన్న పిల్లాడి చెవిలో నిలబడదు. ఇచ్చిన మిషన్ల లెక్క రాస్తున్నారు గానీ, ఆరు నెలల తర్వాత ఎన్ని చెవుల మీద ఉన్నాయో ఎవరూ రాయడం లేదు.

కొందరు పిల్లలకు ఎంత మంచి మిషన్ పెట్టినా చాలదు. లోపం 90 డెసిబెల్స్ దాటితే చాలామందిలో మాట స్పష్టంగా అందదు. అలాంటప్పుడు కొన్ని నెలలు మిషన్ సరిగ్గా వాడించి చూసి, లాభం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ వైపు, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం వైపు వెళ్లాలి. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవలో అది ఉంది, ఏడీఐపీలోనూ ఉంది. రెండింటికీ వయసు పరిమితులున్నాయి. ‘ఇంకా పవర్ ఉన్న మిషన్ చూద్దాం’ అంటూ ఏళ్లకేళ్లు గడిపితే ఆ వయసు దాటిపోతుంది, డబ్బూ పోతుంది. ఈ విషయంలో తల్లిదండ్రులకు నిజం చెప్పని అమ్మకందారు మీద నాకు కోపం వస్తుంది.

థెరపీ ఏ భాషలో అన్నది కూడా చూసుకోవాలి. అనంతపురం వాళ్లకు బెంగళూరే దగ్గర. అక్కడ కన్నడంలోనో ఇంగ్లీషులోనో నేర్పిన మాటలు ఇంట్లో అవ్వతో పనికిరావు. ఆదోనిలో ఉర్దూ మాట్లాడే ఇల్లయితే ఉర్దూలోనే మొదలుపెట్టమనాలి. ఇంట్లో రోజంతా వినపడే భాషలోనే బిడ్డకు తొలి మాటలు రావాలి. సైగల భాష నేర్పితే నోటి మాట రాదేమోనన్న భయం అక్కర్లేదు. మాట ఆలస్యమయ్యే బిడ్డకు ముందు ఏదో ఒక భాష కావాలి. అనంతపురం ప్రాంతంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ నడిపే ప్రత్యేక పాఠశాలల్లో వినికిడి లోపమున్న పిల్లలు చదువుకుంటున్నారు. కాస్త వినికిడి ఉన్న పిల్లలు మామూలు బడిలోనే చదవగలరు, మొదటి బెంచీ ఇప్పించి, టీచరు వాళ్ల వైపు తిరిగి మాట్లాడితే. నల్లబల్ల వైపు తిరిగి చెప్పిన పాఠం ఆ పిల్లలకు అందదు. దూరం రెట్టింపయ్యే కొద్దీ శబ్దం 6 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది కాబట్టి, టీచరు మెడలో వేసుకునే వైర్‌లెస్ మైకు మిషన్‌కు కలిసేలా ఉంటే ఇంకా మేలు. కొనేటప్పుడే ఆ సదుపాయం ఉందా అని అడగాలి.

ఇవన్నీ తల్లిదండ్రుల మీద వేసి ప్రభుత్వం చేతులు దులుపుకోవడం కుదరదు. ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు ఆసుపత్రుల్లో నెలకు రెండు రోజులు ఆడియాలజిస్టు కూర్చుంటే చాలు. కొత్త భవనాలు అక్కర్లేదు. ముద్ర తీసే సామాను, ఒక లాప్‌టాప్, ప్రోగ్రామింగ్ కేబుల్, నిశ్శబ్దంగా ఉండే ఒక గది కావాలి. ముద్రలు కొరియర్‌లో ల్యాబుకు పంపితే తయారైన మౌల్డ్‌లను తర్వాతి విడతలో బిడ్డ చెవికి పెట్టి చూడొచ్చు. సెల్లులు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రంలోనే దొరకాలి. అక్కడ ఈ పిల్లలకు నేర్పే ఐఈఆర్‌టీ టీచర్లకు ఆ ఆరు శబ్దాల పరీక్ష, గొట్టం మార్చడం నేర్పించడానికి ఒక రోజు శిక్షణ సరిపోతుంది. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పెన్షన్ అర్జీతో వెళ్లే తల్లిదండ్రులు, అదే రోజు ఈ ఆడియాలజిస్టు సేవ కోసం కూడా ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. పది మంది కలిసి ఇస్తే ఇంకా మంచిది.