రామారావుపేటకు ఏషియన్ గ్రాసరీ కావలెను

కేంద్రం 2016 జనవరిలో ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో కాకినాడ ఒకటి. అంతటి ఊళ్లో, రామారావుపేట నుంచి చెప్పులేసుకుని నడిచి వెళ్లేంత దూరంలో కొరియా, జపాను లాంటి దేశాల వంట సరుకులమ్మే ‘ఏషియన్ గ్రాసరీ’ అన్న బోర్డు నా కంటికి ఒక్కటీ ఆనలేదు. డ్రైనేజీ కోసం ధర్నాలు జరుగుతాయి. దోమల మీద వినతి పత్రాలు ఇస్తారు. గోచుజాంగ్ కోసం కలెక్టరేట్ ముందు టెంటు వేసినవాడు మాత్రం ఇంతవరకు లేడు. ఈ ఉదాసీనత ఇంకెన్నాళ్లని అడగడానికే ఈ నాలుగు మాటలు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గోచుజాంగ్ అంటే మిరప్పొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయా, ఉప్పు కలిపి జాడీల్లో మాగబెట్టే ఎర్రటి ముద్ద. కొరియా వాళ్లు అది లేకుండా ముద్ద ఎత్తరు. అందులో ఆవపిండి వెయ్యరు. ఆ ఒక్క లోపం లేకపోతే దాన్ని మనవాళ్లు ఎప్పుడో మన ఖాతాలో వేసేసుకునేవాళ్లు.

ఇది దొరక్క ఊరు పడుతున్న బాధ అంతా ఇంతా కాదు. ఇంటర్ పిల్లలు రాత్రంతా కొరియా సీరియళ్లలో రామెన్ నూడుల్స్ జుర్రుకోవడం చూసి, తెల్లారి ఇడ్లీ మీద అలుగుతున్నారు. పెన్షనర్ల స్వర్గమని పేరుబడ్డ ఊరు కదా, వాకింగ్‌కి వచ్చే పెద్దలు ‘మిసో సూప్ పేగులకు మంచిదటండీ’ అని ఒకరికొకరు చెప్పుకుని, ఆ మిసో అనే జపాను సోయా ముద్ద ఎక్కడ దొరుకుతుందో తెలియక నేతి పెసరట్టు తినేసి ఇళ్లకు పోతున్నారు.

అన్నిటికన్నా తీవ్రమైనది అల్లుళ్ల సమస్య. గోదావరి జిల్లాల్లో సంక్రాంతి అల్లుడి భోజనం ఇంటి వ్యవహారం కాదు, ఫొటోతో సహా పేపర్లోకి ఎక్కే ప్రజా వ్యవహారం. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన వార్త దేశమంతా తిరిగింది. ఏడాదికి సరిపడా పదార్థాలు ఒక్క పూటలో. అప్పటి నుంచి మిగతా అత్తగార్లకు కంటి మీద కునుకు లేదు. ఆ అంకె దాటాలంటే ఏం పెట్టాలి? ఆత్రేయపురం పూతరేకుల్లో బెల్లంవి, పంచదారవి, డ్రైఫ్రూట్స్‌వి విడివిడిగా లెక్కపెట్టడం అయిపోయింది. తాపేశ్వరం మడత కాజా, మా కాకినాడ గొట్టం కాజా కూడా వచ్చేశాయి. వడియాలను ఆకారాన్ని బట్టి, అప్పడాలను సైజును బట్టి వేర్వేరు రకాలుగా చూపిస్తున్నారు. ఇక మిగిలింది తూర్పు ఆసియాయే. కొరియా వాళ్ల ఊరగాయ కిమ్చి ఒక్కటి తెచ్చుకుంటే చాలు, క్యాబేజీది, ముల్లంగిది, దోసకాయది అని మూడు గిన్నెలు పెరుగుతాయి. కొరియాలో చుట్టుపక్కల ఇళ్లవాళ్లంతా చేరి కిమ్చి పెట్టుకునే సంప్రదాయాన్ని యునెస్కో 2013లో మానవ వారసత్వ జాబితాలోకి తీసుకుంది. మా ఇళ్లలో ఆవకాయ పెట్టే రోజున ఏ తోటికోడలు ఏ తోటికోడలితో ఎందుకు మాట్లాడటం మానేసిందో నమోదు చేసే సంస్థ మాత్రం ఇంకా పుట్టలేదు.

కాబట్టి ఏషియన్ గ్రాసరీని నాలుక చాపల్యం కింద కొట్టిపారెయ్యకూడదు. అది మౌలిక సదుపాయం. రోడ్డు, కరెంటు, గోచుజాంగ్.

బాధ్యత గల పౌరుడిగా ముందు ఫోన్‌నే అడిగాను. ‘దగ్గర్లో ఏషియన్ గ్రాసరీ’ అనగానే మ్యాప్ కాసేపు గుండ్రంగా తిరిగి, ఏషియన్ పెయింట్స్ అమ్మే కొట్లు చూపించింది. ఫోనుకు దురుద్దేశం అంటగట్టను. బోర్డు మీద ఆసియా పేరు రాసుకున్నది పాపం వాళ్లే. వెళ్లి చూశాను కూడా. గోచుజాంగ్‌కి దగ్గరగా ఉండే ఎరుపు ఉంది. లీటరు డబ్బా. రెండు కోటింగులు వెయ్యమన్నారు.

అక్కణ్ణుంచి తిన్నగా మా వీధి చివర కిరాణా కొట్టుకు నడిచాను. మా కొట్టాయనకు ‘లేదు’ అనే అలవాటు లేదు.

“గోచుజాంగ్ ఉందాండీ?”

“ఆయ్, ఏ కంపెనీది కావాలండీ?”

“కొరియాది.”

“కొరియాది ఇందాకే అయిపోయిందండీ. రేపొస్తుంది. ఈలోపు పండుమిరప పచ్చడి ఇమ్మంటారా?”

ఆ రేపు ఇంకా రాలేదనుకోండి. కానీ చిల్లర కోసం నిలబడినంతసేపూ ఆ కొట్టును కళ్లతో సోదా చేశాను. స్వదేశీ వస్తువులు తప్ప ముట్టనివాళ్లు ఇక్కడి నుంచి కాస్త గుండె దిటవు చేసుకుని చదవాలి. బిరియానీలో వేసే అనాస పువ్వు పుట్టిల్లు దక్షిణ చైనా, వియత్నాం కొండలు. దాల్చినచెక్క పేరుతో జాడీలో ఉన్నది చాలామటుకు కాసియా చెక్క, అదీ ఆ దారినే వస్తుంది. ఇంగువ లేకపోతే మనకు పులిహోర లేదు, పప్పుచారు లేదు. ఆ ఇంగువకు మూలమైన మొక్క పాలు మాత్రం అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌ల నుంచి రావాలి. పై అరలో జెల్లీకి వాడే చైనా గ్రాస్. దాని పక్కన టేస్టింగ్ సాల్ట్. 1908లో టోక్యోలో ఇకెడా కికునాయె అనే ప్రొఫెసర్ గారు కొంబు అనే సముద్రపు నాచు పులుసులోంచి ఆ రుచిని విడదీశారు. మరుసటి ఏడాదే అది అజినొమోటోగా అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు మా భానుగుడి సెంటర్లో నూడుల్స్ బండి కుర్రాడు ఆ ప్రొఫెసర్ గారి పరిశోధనను గుప్పెళ్లతో జల్లుతున్నాడు.

ఇక పామాయిల్. ఇండోనేసియా, మలేసియా తోటల్లో పుట్టి, ఓడెక్కి మా పోర్టుకే వచ్చి, వాకలపూడి వైపు ఫ్యాక్టరీల్లో శుద్ధి అయి, మిరపకాయ బజ్జీ రూపంలో జనసామాన్యాన్ని చేరుతుంది. ఒకప్పుడు రేషన్ కార్డు మీద పామోలిన్ ప్యాకెట్ ఇచ్చేవారు. అంటే తెల్లకార్డు ఉన్న ప్రతి ఇంటికీ సాక్షాత్తూ ప్రభుత్వమే ఏషియన్ గ్రాసరీ నడిపిందన్నమాట. క్యూలో నిలబడ్డ మనకే తెలియలేదు. తెలియకపోవడం మన తప్పు కాదు. ఏసీ లేదు, తోసుకెళ్లే బండి లేదు, డీలరుగారి విసుగు తప్ప విదేశీ వాతావరణం ఏమీ ఉండేది కాదు.

మినుములది మరీ పాత చుట్టరికం. డెల్టా మాగాణుల్లో వరి కోతల వెనకే మినుము చల్లుతారు. దేశానికి అది చాలదు. బయటి నుంచి తెప్పించే మినుముల్లో పెద్ద వాటా చాలా ఏళ్లుగా బర్మాదే. మా తాతల తరం బర్మాను రంగం అనేది. ‘రంగం వెళ్లాడు’ అంటే ఇప్పుడు ‘అమెరికా వెళ్లాడు’ అన్నంత మాట. కోరంగి రేవు నుంచీ ఈ తీరం నుంచీ ఎంతమంది వెళ్లారంటే అక్కడ తెలుగువాడి పేరే ‘కోరంగీ’ అయిపోయింది. వాళ్లు రంగూన్ రేవులో మూటలు మోశారు. వాళ్ల మునిమనవల ఇడ్లీ పిండిలోకి ఇప్పుడు రంగం మినుములు వచ్చి పడుతున్నాయి. ఆ ఇడ్లీ పళ్లేన్ని పక్కకు తోసి ‘నాకు ఏషియన్ ఫుడ్ కావాలి’ అంటున్నాడు మునిమనవడు.

జపానుతో మా ఊరి అనుభవం అంత బాగా లేదు. అక్కడి నుంచి కాకినాడ చిరునామాకు నేరుగా అందిన సరుకంటే చరిత్ర చెప్పేది 1942 ఏప్రిల్ 6 నాటి బాంబులే. ఆర్డర్ పెట్టకుండానే తెచ్చారు. రిటర్న్ తీసుకోలేదు.

తైవాన్ వాళ్లు 1980లలో టీలో సగ్గుబియ్యం లాంటి గుళ్లు వేసి, లావుపాటి స్ట్రా పెట్టి లోకం మీదకు వదిలారు. దాన్ని బోబా అంటారు. ఆ గుళ్లు చేసేది కర్రపెండలం పిండితో. పెద్దాపురం, సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులు నడిచేదీ ఆ దుంప మీదే. మనం దాంతో నోముకి పాయసం చేసి, ‘మళ్లీ సగ్గుబియ్యమేనా’ అని మూతి ముడుచుకుంటాం. అదే గుళ్లకు నల్ల రంగు వచ్చి, ప్లాస్టిక్ గ్లాసులో కూర్చునేసరికి సెల్ఫీ తీసుకుంటాం. పెద్దాపురం దుంప చేసిన పాపం ఒక్కటే, బస్సు టికెట్ పదుల్లో ఉండే దూరంలో పుట్టడం.

ఈ జబ్బు ముదిరితే ఎలా ఉంటుందో నెత్తళ్లు చెబుతాయి. అపార్ట్‌మెంట్‌లో ఎవరైనా ఎండు నెత్తళ్లు వేయించారనుకోండి. పొయ్యి ఆపకముందే అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ పడుతుంది: ‘దయచేసి తోటి నివాసుల సౌకర్యాన్ని దృష్టిలో పెట్టుకోండి.’ దాని కింద పదిమంది బొటనవేలు. లిఫ్టులో ఎదురైన ఆ ఇల్లాలు తల దించుకుంటుంది. ఆవిడ ఉప్పుటేరు పక్క ఊళ్లో పుట్టింది, ఆ వాసనలో అక్షరాభ్యాసం చేసింది. పై వారం మూడో అంతస్తులో ఎవరో కొరియన్ పార్టీ పెడతారు. కొరియా వాళ్లు ఇంటింటా పులుసుకు ఆధారంగా మరిగించేది ఎండు నెత్తళ్లనే, అక్కడ వాటి పేరు మ్యోల్చి. అదే చేప, అదే ఎండ, అదే వాసన. ఈసారి గ్రూపులో ‘వావ్, రెసిపీ ప్లీజ్’ అని వస్తుంది. మా కుంభాభిషేకం చేపల రేవు పక్క బుట్టలో పెట్టుకుని అమ్మే అప్పని చూసి ముక్కు మూసుకున్న చేత్తోనే ఆన్‌లైన్లో పొట్లం ఆర్డర్ పెడతారు. అప్ప బుట్ట మీద బొమ్మలేదు, అర్థం కాని లిపి లేదు, గడువు తేదీ లేదు. ‘నిన్నే ఎండాయి బాబూ’ అన్న ఆవిడ మాటను ఏ అసోసియేషన్ గుర్తిస్తుంది?

అమెరికాలో మన పిల్లల పరిస్థితి దీనికి తలకిందులు. చికాగోలో 1974లో పటేల్ బ్రదర్స్ కొట్టు తెరిచారు. న్యూయార్క్ క్వీన్స్‌లో 1982లో కొరియా వాళ్ల హెచ్ మార్ట్ మొదలైంది. పప్పులకు మొదటి రకం కొట్టుకీ, చేపలకు రెండో రకం కొట్టుకీ వెళ్లడం అక్కడి తెలుగువాడి శనివారం. ఆ రెండో కొట్లో థాయిలాండ్ తాటి ముంజలు పంచదార పాకంలో తేలుతూ డబ్బాలో దొరుకుతాయి. గడ్డకట్టిన అరటాకులు ప్యాకెట్లో దొరుకుతాయి. ఇంటి వెనక అరటి చెట్టుకు నమస్కారం కూడా పెట్టని అబ్బాయి, సత్యనారాయణ వ్రతానికి ఆ ఆకును డాలర్లు పోసి కొని, మైక్రోవేవ్‌లో కరిగించి, వీడియో కాల్‌లో వాళ్లమ్మకు చూపిస్తాడు. వెనక నుంచి వాళ్ల నాన్న రావులపాలెం మార్కెట్లో గెల ధర పడిపోయిందని చెబుతుంటాడు. ఆ మాట కాల్‌లో సరిగ్గా వినిపించదు.

ఇక రొయ్య. 2009లో మన దేశంలో అడుగుపెట్టిన వనామీ రొయ్య ఆసియాది కానే కాదు, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరానిది. డెల్టాలో వరిచేలను చెరువులుగా మార్చి, రాత్రిళ్లు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు తిప్పి, కరెంటు పోతే గుండె పట్టుకుని, దాన్ని మనం ఆసియా పౌరురాలిని చేశాం. చేసి మళ్లీ అమెరికాకే పంపుతున్నాం. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరేసరికి చెరువు గట్ల మీద అందరికీ ఒకటే టెన్షన్. అప్పుడు గుర్తొచ్చింది పెద్దలకు, మన దేశంలోనూ నోళ్లున్నాయని. ‘స్థానికంగా తినండి’ అని పిలుపులిచ్చారు. మంచిదే. అమెరికా కొట్లో ఆ రొయ్య ప్యాకెట్ మీద ఏ దేశానిదో రాసి మరీ అమ్మాలి, అక్కడి చట్టం అది. ఇక్కడ మా మార్కెట్లో ఏ ఊరి చెరువుదని అడిగితే ‘తినడానికా, సంబంధానికా?’ అంటారు.

ఇదంతా క్రోడీకరించి ఒక ప్రతిపాదన తయారు చేశాను. కొత్త కొట్టు అక్కర్లేదు. ఉన్న కొట్టుకే అద్దాల తలుపు బిగించి, ఇంగువ మీద ‘సెంట్రల్ ఏషియా’ అనీ, సగ్గుబియ్యం మీద ‘బోబా, పెద్దాపురం స్టైల్’ అనీ, నెత్తళ్ల మీద అర్థం కాని అక్షరాలూ అంటించి, పైన ‘రామారావుపేట పాన్ ఏషియన్ గ్రాసరీ’ అని బోర్డు వేలాడదీస్తే సరి. ధరలు మూడింతలు చేస్తే జనం నమ్మకం దానంతటదే వస్తుంది. ఫోన్ మ్యాప్ కూడా ఇకపై మనుషుల్ని పెయింట్ కొట్లకు పంపదు. స్మార్ట్ సిటీ కాబట్టి ప్రారంభోత్సవానికి ఎవరో ఒకరు వస్తారు.

కాగితం పట్టుకెళ్లి కొట్టాయనకు చదివి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మధ్యలో ఇద్దరికి కందిపప్పు తూచారు.

“ఆయ్, పెట్టేద్దామండీ బోర్డు. బావుంది,” అన్నారు. ఖాతా పుస్తకం తీసి నా పేజీ దగ్గర వేలు పెట్టారు. “అయితే అలాంటి కొట్లల్లో అరువు ఉండదంట కదండీ. మీది ముందు సెటిల్ చేసేస్తే, రేపే పెయింటర్ని పిలుస్తాను.”

రామారావుపేట వాసుల విశాల ప్రయోజనాల దృష్ట్యా ప్రతిపాదనను ప్రస్తుతానికి వాయిదా వేశాను.