కంపెనీ వారి సారె

గోదావరి జిల్లాల వాళ్లకు సారె గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆషాఢం కావిడి కానివ్వండి, సంక్రాంతి సారె కానివ్వండి, ఎన్ని బిందెల్లో ఎన్ని రకాలు దిగాయో వీధంతా నిలబడి లెక్కపెడతారు. తక్కువైతే పెదవి విరుస్తారు. ఎక్కువైతే "వాళ్లకేమండీ, రొయ్యల చెరువులున్నాయి" అనుకుంటూ లోపలికి వెళ్లిపోతారు. ఇంతటి అనుభవం ఉన్నవాళ్లం కాబట్టే, అమలాపురం దగ్గర మా ఊళ్లో ఒక కంపెనీ వారి రీలొకేషన్ ప్యాకేజీని, అంటే ఉద్యోగిని వేరే చోటికి పంపేటప్పుడు కంపెనీ పెట్టే ఖర్చుల చిట్టాని, పరిశీలించే బాధ్యత ఈ వ్యాసకర్త మీద పడింది.

మా మేనల్లుణ్ణి భార్యాబిడ్డలతో సహా టెక్సస్ పంపుతున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌-1బీ ఉద్యోగ వీసాల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించక ముందు సంగతి ఇది. ఇప్పుడైతే ప్యాకేజీ మాట దేవుడెరుగు, కంపెనీ వాళ్లు ఫోనే ఎత్తేవారు కాదేమో. కాగితాలు పద్నాలుగు పేజీలు. మా అక్క బియ్యం చేట పక్కన పెట్టి మరీ వినడానికి కూర్చుంది.

విమానం టిక్కెట్లు, నెల రోజులు దిగడానికి అపార్ట్‌మెంట్, అద్దె కారు, సామానుకి ఇరవై అడుగుల కంటైనర్, చేతి ఖర్చుకి కొంత. ఇంతవరకు ఏ మామగారైనా పెట్టేదే. ఆ తర్వాత వచ్చింది 'గ్రాస్ అప్'. 2018 నుంచి అమెరికాలో, ఇల్లు మారడానికి కంపెనీ ఇచ్చే ఖర్చును కూడా ఉద్యోగి ఆదాయంగానే చూస్తారు, పన్ను పడుతుంది. ఆ పన్ను కంపెనీ కడుతుంది. కట్టిన పన్ను కూడా ఆదాయమే కదా, దాని మీదా పన్ను పడుతుంది. అదీ కంపెనీయే కడుతుంది. అక్క బుర్ర గోక్కుంది.

"అల్లుడికి బట్టలు పెట్టి, కుట్టుకూలి ఇచ్చి, టైలరు దగ్గరికి వెళ్లడానికి ఆటో ఖర్చు కూడా చేతిలో పెట్టడం అన్నమాట," అన్నాను.

"మంచి సంబంధమేరా," అంది.

పదకొండో పేజీలో మాత్రం మామగారి అసలు మొహం కనబడింది. రెండేళ్లలోపు మానేస్తే ఇచ్చిందంతా నెలల లెక్కన తిరిగి కట్టాలి. దీన్ని క్లాబ్యాక్ అంటారు. అల్లుడు అలిగి వెళ్లిపోతే తిన్న పూతరేకులకు కూడా బిల్లు వేయడమన్నమాట. 'తగిన కారణంతో తొలగించినా' అని చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క కూడా ఉంది. ఏది తగిన కారణమో తేల్చేదీ మామగారే.

కుటుంబ సభ్యుల సంఖ్య రాయమన్న చోట మావాడు అమాయకంగా 5 అని రాశాడు. తను, భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మ. హెచ్‌ఆర్ అమ్మాయి చాలా మర్యాదగా దాన్ని 4 చేసి పంపింది. పాపం ఆ అమ్మాయి చేతిలోనూ ఏమీ లేదు. ఆ వీసా కుటుంబంలోకి భార్యగానీ భర్తగానీ వస్తారు, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లలు వస్తారు, అక్కడికి సరి. తల్లి వెళ్లాలంటే విజిటర్ వీసా. అక్క దీనికి ఏమీ అనలేదు. చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుని రాళ్లు ఏరడం మొదలుపెట్టింది.

మా కోడలు రావులపాలెంలో జూనియర్ కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పేది. ఆవిడ కోసం 'జీవిత భాగస్వామి కెరీర్ సహాయం' అని ప్రత్యేకంగా ఒక పేజీ పెట్టారు. రెజ్యూమె దిద్దుతారు, ఇంటర్వ్యూకి తయారు చేస్తారు, కోచ్‌ని ఇస్తారు. ఆవిడ వెళ్లేది మాత్రం హెచ్‌-4 మీద, అంటే హెచ్‌-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా. 2015లో తెచ్చిన నిబంధన ప్రకారం, భర్త గ్రీన్‌కార్డు ప్రయాణం కొంత దూరం సాగాకే ఆ వీసా మీద పనికి అనుమతి అడగొచ్చు. ఈత చక్కగా నేర్పించి, కాలువలో మాత్రం దిగకమ్మా అన్నట్టుంది.

ఇక ఆన్‌లైన్‌లో సంస్కృతి శిక్షణ. ఎదుటివాడి జీతం అడగకూడదు. ఫోన్ చేయకుండా ఎవరింటికీ వెళ్లకూడదు. లావయ్యావనీ, చిక్కిపోయావనీ అనకూడదు. మాట్లాడేటప్పుడు మూరెడు దూరం నిలబడాలి. కోనసీమ మనిషిలోంచి ఇవన్నీ తీసేస్తే మిగిలేది "ఆయ్" ఒక్కటే. దాంతో అమెరికాలో ఎన్నాళ్లు నెట్టుకొస్తాడో చూడాలి.

సామాను లెక్కకి ప్యాకింగ్ కంపెనీ కుర్రాడు వీడియో కాల్ చేశాడు. అక్క ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిప్పింది. రుబ్బురోలు వెళ్లొచ్చట. ఉయ్యాల బల్ల విప్పదీస్తే వెళ్తుందట. తులసి మొక్క వద్దన్నాడు. తినే వస్తువులు అసలే వద్దన్నాడు.

"ఆవకాయ తినే వస్తువేంటి బాబూ, ఆవకాయ ఆవకాయే," అంది అక్క. ఆ కుర్రాడూ తెలుగువాడే. కాసేపు మాట్లాడలేకపోయాడు.

పరాయి దేశపు ఒప్పంద కాగితం మాకేమీ కొత్త కాదు లెండి. పంతొమ్మిదో శతాబ్దంలో కోరంగి రేవులో ఓడెక్కి మారిషస్ చెరకు తోటలకు పోయిన కూలీలకూ ప్యాకేజీ ఉండేది. ఓడ ఛార్జీ కూలీ పెట్టుకోనక్కర్లేదు, బియ్యం, పప్పు, బట్టలు కాగితం మీద రాసి ఇచ్చేవారు. అక్కడి తెలుగువాళ్ల పుణ్యమా అని ఉగాది ఇప్పటికీ ఆ దేశంలో సెలవు దినం. నూటడెబ్భై ఏళ్లు దాటినా సామాను తిరిగి వచ్చినట్టు మాత్రం లేదు.

మేనల్లుడి కాగితాలు చదువుతున్న వారమే, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండే ఆవిడ కువైట్ ప్రయాణం కట్టింది. ఖద్దామా వీసా, అంటే ఇంటిపని. నిష్పాక్షికత కోసం ఆవిడ ప్యాకేజీని కూడా పరిశీలించాను. ఇక్కడ సారె రాదు, ఎదురు ఓలి ఇచ్చుకోవాలి. చట్టప్రకారం లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్‌టీ, అంతకుమించి తీసుకోకూడదు. ఆవిడ ఎంత ఇచ్చిందో చెప్పలేదు, రసీదు లేదు కాబట్టి మనం అడగనూ కూడదు. బీమా మాత్రం ఉంది, ప్రమాదంలో పోతే 10 లక్షలు, రెండేళ్లకి ప్రీమియం 275 రూపాయలు. కుటుంబాన్ని తీసుకెళ్లే ప్రస్తావనే లేదు. కువైట్‌లో కుటుంబ వీసాకి 2024లో పెట్టిన కనీస జీతం 800 దినార్లు, పైగా ఇంటిపని వీసాకి ఆ తలుపు తెరుచుకోదు. పిల్లలు అమ్మమ్మ దగ్గరుంటారు. హెచ్‌ఆర్ వారికి ఇక్కడ 5ని 4 చేసే శ్రమ కూడా లేదు.

గ్రాస్ అప్ ఈవిడకీ ఉంది. నూటికి మూడు రూపాయల అప్పు, దాని మీద వడ్డీ, కట్టలేని వడ్డీ మీద మళ్లీ వడ్డీ. క్లాబ్యాక్ ఉంది, మధ్యలో తిరిగొస్తే అప్పు అలాగే ఉంటుంది. సంస్కృతి శిక్షణ పదేళ్లు అక్కడ చేసి వచ్చిన వాళ్ల పిన్ని ఇచ్చింది, అదీ నాలుగు నిమిషాల్లో. "మేడం లేవక ముందే లేవాలమ్మా. ఫోన్ కనబడనీయకు. పాస్‌పోర్టు వాళ్లు అట్టేపెట్టుకుంటారు, జిరాక్సు జాకెట్లో కుట్టుకో." మావాడి శిక్షణలో ఇంత పనికొచ్చే మాట ఒక్కటీ లేదు.

కంటైనర్ వెళ్లిపోయాక ప్యాకింగ్ వాళ్లు వాడని అట్టపెట్టెలు అరుగు మీద మిగిలాయి. ఆవిడ వచ్చి, "అత్తయ్యగారూ, ఒకటి ఇస్తారా?" అని అడిగింది. అక్క గట్టిది ఏరి ఇచ్చి, టెక్సస్ వెళ్లని ఆవకాయలోంచి రెండు కేజీలు డబ్బాకెత్తి అందులో పెట్టింది. తాడు నేనే కట్టాను. పైన కంపెనీ ముద్ర, టెక్సస్ అడ్రసు, ఎర్రటి 'ఫ్రాజైల్' స్టిక్కరు అలాగే ఉన్నాయి.

రాత్రి హైదరాబాద్ బస్సు డిక్కీలో పెట్టబోతూ క్లీనర్ ఆ స్టిక్కరు చూసి ఆగాడు. "ఏంటమ్మా, పగిలే సామానా?"

"ఆవకాయండి," అంది.

అడ్డంగా పడేశాడు.