బరువెన్ని కిలోలో బోర్డు అన్ని లీటర్లేనట!

"ఆరు నెలలు స్టాండప్ ప్యాడిల్ చేశారా? ఇక పెద్ద బోర్డు అమ్మేయండి. మీరెన్ని కిలోలుంటే అన్ని లీటర్ల బోర్డు కొనండి." ఈ మెసేజ్ ఈ నెలలో నాకు ఏడోసారి వచ్చింది. స్టాండప్ ప్యాడిల్ అంటే బోర్డు మీద నిలబడి తెడ్డుతో నడపడం. లీటర్లంటే ఆ బోర్డు ఘనపరిమాణం, అంటే పూర్తిగా మునిగితే అది పక్కకు నెట్టే నీళ్లు. కింద ఐదు కారణాలు. పంపినవాళ్లంతా ఋషికొండలో నాతో పాటు అలలెక్కేవాళ్లే. ఇన్నాళ్లూ చూసి వదిలేశాను. నిన్న, మూడు నెలల కిందట బోర్డు మీద నిలబడటం నేర్చుకున్న కుర్రాడు "అన్నా, నా పాత బోర్డు ఎంతకు పోతుంది?" అని అడిగాడు. ఇక ఊరుకోలేకపోయాను.

చిన్న బోర్డు కారులో పడుతుందట. పడుతుంది, అయితే ఏంటి?

పేరున్న సర్ఫర్ కై లెనీ అంత చిన్న బోర్డు మీదే ఆడతాడట. ఆయన హవాయిలోని మౌయీ దీవిలో పుట్టి, ఆ కెరటాల్లోనే పెరిగినవాడు. మనం ఆదివారం పొద్దున రెండు గంటలు నీళ్లలో దిగేవాళ్లం. ఆయన కొలతలు మనకెందుకు?

అసలు గొడవ లీటర్ల దగ్గరే. లెక్క వేయండి. నా బరువు 82 కిలోలు, కాబట్టి నాకు 82 లీటర్ల బోర్డు. ఉప్పునీటిలో అది పూర్తిగా మునిగినా మోయగలిగేది 84 కిలోలే. బోర్డు సొంత బరువు 8 కిలోలు. తెడ్డు, తడిసిన బట్టలు కలిపి ఇంకో కిలో. మొత్తం 91. మిగతా 7 కిలోలు ఎవరు మోయాలి? నీళ్లలో మునిగిన నా కాళ్లే. పిక్కలు మునిగేదాకా దిగబడితే గానీ ఆ బోర్డు ఆగదు. ఆరితేరినవాళ్లు దాని మీద నిలబడతారు కదా అంటే, వాళ్లు తెడ్డు వేయడం ఆపరు. కదులుతున్నంతసేపే బోర్డు కాస్త పైకి లేస్తుంది. చేతులు అలసి ఆగితే కిందికి పోతుంది.

ఇది నాకు చదివితే తెలిసింది కాదు. ఒక మే నెలలో మిత్రుడి 85 లీటర్ల బోర్డు అడిగి తీసుకున్నాను. పొద్దున ఆరింటికి నీళ్లు అద్దంలా ఉన్నాయి, పర్వాలేదనిపించింది. పొద్దెక్కి గాలి లేచింది. చిన్న చిన్న అలలు నాలుగు వైపుల నుంచీ కొట్టడం మొదలైంది. లేస్తాను, పడతాను. ఇరవైసార్లు పడ్డాక చేతులు లేవలేదు. తలెత్తి చూస్తే ఒడ్డు దూరమైపోయింది, రిప్ కరెంట్, అంటే ఒడ్డు నుంచి సముద్రంలోకి పారే ప్రవాహం, లోపలికి లాగుతోంది. తెడ్డును ఛాతీ కింద పెట్టుకుని, బోర్డు మీద బోర్లా పడుకుని, తీరం వెంబడి పక్కకు చేతులతో ఈదుకుంటూ బయటపడ్డాను. కాలిని బోర్డుకు కట్టే తాడు (లీష్) లేకపోతే ఆ బోర్డు మొదటి పది నిమిషాల్లోనే నన్ను వదిలి పోయేది.

ఈ మెసేజ్‌లో నాలుగో కారణం ఏంటో తెలుసా? "చిన్న బోర్డు దగ్గరే ఉంటుంది కాబట్టి లీష్ అక్కర్లేదు." ఈ మాట రాసినవాళ్లు మన సముద్రంలో ఒక్కసారైనా దిగారా? తేలికైన బోర్డును గాలి ఇంకా త్వరగా లాక్కుపోతుంది! అలసి పడినవాడికి దొరికే ఒకే ఒక్క ఆసరా అది. ఏటా ఈ తీరంలో ఎంతమందిని పోగొట్టుకుంటున్నామో తెలిసి కూడా ఇది పదిమందికి పంపుతున్నారు. దయచేసి డిలీట్ చేయండి.

ఐదోది మాత్రం ఒప్పుకుంటాను: పెద్ద బోర్డు పక్కవాళ్లకు ప్రమాదం. పదిన్నర అడుగుల నా మొదటి బోర్డు ఒకసారి నురగలో దొర్లుకుంటూ వెళ్లి, ఒడ్డున స్నానం చేస్తున్న పిల్లాడి తలకు జానెడు దూరంలో ఆగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను బోర్డు తగ్గించింది అందుకే. ముందు 150 నుంచి 130కి, ఏడాది తర్వాత 110కి. చిన్న బోర్డు అల మీద తిరిగే తీరు వేరు, అదీ నిజమే. కాలి మడమ నొక్కితే చాలు, తోక గిర్రున తిరుగుతుంది.

కానీ లీటర్లొక్కటే చూసి కొనకండి. 28 అంగుళాల వెడల్పున్న 120 లీటర్ల బోర్డు కంటే, 32 అంగుళాలున్న 110 లీటర్లది నిలకడగా ఉండొచ్చు.

తమ్ముడూ, నీ బోర్డు ఇప్పుడే అమ్మకు. ఆదివారం కాలికి తాడు కట్టుకుని రా, నా 110 ఇస్తాను. గాలి లేచాక, తెడ్డు వేయకుండా ఒక్క నిమిషం దాని మీద నిలబడి చూడు. నిలబడగలిగితే అప్పుడు ధర మాట్లాడుకుందాం.