రాయి మోసే రాయబారం

ఒడిశాలోని మా రాయగడలో రైల్వే గేటు పడిందంటే పక్కనున్న టీ కొట్టుకు బేరం. గూడ్సు పోయేదాకా కదలలేం కాబట్టి బళ్లు ఆపి తలో గ్లాసు పట్టుకుంటాం. మొన్న అలా ఆగినప్పుడు పోయింది ఎర్రమట్టి బండి. విజయనగరం వైపు నుంచి వచ్చి లాంజిగఢ్ వైపు పోతోంది. నా పక్కన నిలబడ్డ పెద్దాయనది పార్వతీపురం దగ్గర పల్లె, ఇక్కడికొచ్చి నలభయ్యేళ్లు దాటింది. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా వ్యాగన్లు లెక్కపెడుతున్నాడు. యాభై దగ్గర లెక్క తప్పినట్టుంది, నా వైపు తిరిగాడు.

"ఏటి బావూ ఇది? మట్టి మన కొండల్లో ఉంది. కొండల్నుంచి కిందకి పోవాల గానీ, కిందనుంచి కొండల్లోకి వస్తాదేటి?"

"ఇది మన మట్టి కాదు మావయ్యా, గినీ నుంచి వస్తోంది" అన్నాను.

"గిన్నీ కోళ్లుంటాయి, ఆ గినీయా?"

కొట్టువాడు పగలబడి నవ్వాడు. నవ్వడానికేం లేదు, ఆ కోడికి పేరొచ్చింది కూడా పశ్చిమాఫ్రికాలోని ఆ తీరం నుంచే.

పెద్దాయన అడిగినదానికి గేటు ఎత్తేలోగా చెప్పగలిగిన జవాబు సగమే. ఆ సగం ఈ జిల్లాలో అందరికీ తెలుసు. లాంజిగఢ్‌లో వేదాంత కంపెనీ రిఫైనరీని నియమగిరి కొండ పాదంలో కట్టారు, పైనున్న బాక్సైట్ (అల్యూమినియం తీసే ఎర్రమట్టి) రేపోమాపో దిగొస్తుందన్న ధీమాతో. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ సంగతి ఊళ్లే తేల్చుకోవాలంది. ఆ వానాకాలంలో 12 గ్రామసభలు జరిగాయి. రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5. పన్నెండూ వద్దన్నాయి. ఫ్యాక్టరీ ఉంది, ఎదురుగా కొండ ఉంది, మధ్యలో దారి మూసుకుపోయింది. అలా బయట మట్టి వెతుక్కోవాల్సి వచ్చింది. అందులో కొంత గినీలో ఓడెక్కి, గుడ్ హోప్ అగ్రం చుట్టి, విశాఖ తీరాన దిగి, మా గేటు దాటి వెళుతోంది. మన కొండల్లో బాక్సైట్‌గా మారిన మూలశిలకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఖొండలైట్. ఇక్కడి ఆదివాసులైన ఖోండుల పేరే. రాయికి పేరిచ్చినవాళ్లే ఆ రాయిని కదలనివ్వలేదు.

మిగతా సగం గేటు దగ్గర చెప్పే కథ కాదు. గినీ మట్టి ఇక్కడికి ఏ ధరకు రావాలో, అసలు రావాలో వద్దో తేలేది రాయగడలో కాదు, ఢిల్లీలోనూ కాదు. గినీకీ చైనాకీ మధ్య ఉన్న బంధంలో తేలుతుంది. ఆ రెండు దేశాలూ ఒకదానికొకటి ఎంతో దూరం. అయినా ఆ బంధంలో ఏ చిన్న కదలిక వచ్చినా దాని సెగ మన ఆంధ్ర, ఒడిశా సరిహద్దు జిల్లాల కొండలకు తగులుతుంది.

ఈ బంధం గురించి మన దగ్గర రెండు కథలు నడుస్తుంటాయి. చైనా అప్పుల వలలో ఆఫ్రికా చిక్కుకుందన్నది టీవీ చర్చల కథ. చిరకాల మైత్రి అన్నది రాయబారుల కథ. నాకు కనిపించేది చాటికొనా బుధవారం సంతలో షావుకారుకీ పసుపు తెచ్చే డొంగరియా ఖోండు రైతుకీ మధ్య ఉండే ముడి లాంటిది. వానల్లో షావుకారు చేబదులిస్తాడు, పంట వచ్చాక తన తూకం, తన రేటు. అంతవరకూ వల కథ నిజమే. కానీ ఆ షావుకారు బయట పార్టీకి నూరు బస్తాలకు మాటిచ్చేసి, నూటిలో డెబ్భై ఒకే ఊరి నుంచి రావాల్సి ఉంటే? ఆ ఏడు ఆ ఊరివాళ్లు తట్ట దించకుండా కాసేపు నిలబడగలరు. షావుకారే టీ తెప్పిస్తాడు. చైనా, గినీల సంగతి ఇప్పుడు ఇంచుమించు ఇదే.

మొదలు మాత్రం ఇలా లేదు. 1958లో ఫ్రాన్సు నేత డీగాల్ తన ఆఫ్రికా వలసల ముందు ఒక రెఫరెండం పెట్టాడు. ఫ్రాన్సుతో కలిసి ఉంటారా, ఉండరా అని. అన్నీ సరేనన్నాయి, గినీ ఒక్కటే వద్దంది, అదీ 95 శాతం ఓట్లతో. అక్టోబరు 2న స్వతంత్రం వచ్చింది. (మా రాయగడ జిల్లా పుట్టిందీ అక్టోబరు 2నే, 1992లో. దానికీ దీనికీ సంబంధం లేదు, ఊరికే గుర్తొచ్చింది.) ఫ్రెంచివాళ్లు పోతూ పోతూ ఆఫీసుల్లో ఫోన్లు, బల్బులు కూడా ఊడబెరుక్కుపోయారని చెబుతారు. ఖజానా ఖాళీ, అప్పిచ్చేవాడు లేడు. ఆ ఒంటరితనంలోనే 1959 అక్టోబరు 4న గినీ బీజింగ్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకుంది. సహారాకు దక్షిణాన ఆ పని చేసిన మొదటి దేశం అదే. మరుసటి ఏడాది అధ్యక్షుడు సెకూ తూరే చైనా వెళ్లి వడ్డీ లేని అప్పుతో తిరిగొచ్చాడు. 1964లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై గినీ రాజధాని కొనాక్రీ వచ్చాడు. 1968 నుంచి చైనా డాక్టర్ల బృందాలు వస్తూనే ఉన్నాయి.

చైనా అప్పుడేమీ ధనిక దేశం కాదు, తన జనానికే తిండి చాలని రోజులవి. మరి అంత దూరం ఎందుకు చేయి చాచింది? ఐక్యరాజ్యసమితిలో చైనా కుర్చీలో తైవాన్ కూర్చుని ఉంది. దాన్ని లేపాలంటే ఓట్లు కావాలి. 1971 అక్టోబరు 25న ఆ కుర్చీ బీజింగ్‌కు ఇస్తూ నెగ్గిన తీర్మానాన్ని ప్రతిపాదించిన దేశాల జాబితాలో గినీ పేరుంది. అప్పట్లో చైనా కొనుక్కున్నది ఓటు. మట్టి జోలికి పోలేదు.

మట్టి అవసరం చాలా ఆలస్యంగా పడింది. చైనా అల్యూమినియం పరిశ్రమ ఇండోనేషియా బాక్సైట్ మీద బతికేది. 2014 జనవరిలో ఇండోనేషియా ముడి ఖనిజం ఎగుమతి ఆపేసింది. అక్కడి నుంచి మలేషియాకు పరిగెత్తారు, కువాంటాన్ చుట్టుపక్కల ఎర్ర దుమ్ము, ఎర్ర సముద్రం చూసి 2016లో వాళ్లూ తవ్వకాలు నిలిపేశారు. అప్పటికే చైనా కంపెనీలు గినీలోని బోకే ప్రాంతంలో దిగాయి. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ బాక్సైట్ ఉన్న దేశం గినీ, సుమారు 740 కోట్ల టన్నులు. నది మీద బార్జీలు పెట్టి, సముద్రంలో లంగరేసిన పెద్ద ఓడలకు నింపి పంపడం మొదలైంది. 2024లో చైనా దిగుమతి చేసుకున్న బాక్సైట్‌లో దాదాపు 70 శాతం గినీదే, 11 కోట్ల టన్నుల పైమాట. మన దేశం మొత్తం ఏడాదికి తవ్వేది రెండున్నర కోట్ల టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. పోలిక కోసం చెబుతున్నాను.

2017 సెప్టెంబరు మొదటి వారంలో గినీకి ఇరవై ఏళ్లలో 2,000 కోట్ల డాలర్ల అప్పు ఇస్తామని, బదులుగా గనుల హక్కులు తీసుకుంటామని చైనా ఒప్పందం చేసుకుంది. అదే నెల రెండో వారంలో బోకే పట్నంలో జనం రోడ్డెక్కారు. కరెంటు లేదని. రోజూ వేల టన్నుల మట్టి వెళ్లే ఊళ్లో రాత్రి బల్బు వెలగడం లేదు. ఒప్పందం వార్త అంతర్జాతీయ పత్రికల్లో పెద్దగా వచ్చింది, రెండోది చిన్నగా. లాంజిగఢ్ చుట్టుపక్కల పల్లెల్లో తిరిగినవాళ్లకు ఆ రెండో వార్త చదవక్కర్లేదు, చూసినట్టే ఉంటుంది.

ఈ బంధంలో చైనా ఎప్పుడూ చెప్పే మాట "మీ ఇంటి గొడవల్లో మేం వేలు పెట్టం" అని. ఆ మాట ఎంత గట్టిదో రెండు సార్లు తేలింది. 2009 సెప్టెంబరు 28న కొనాక్రీ స్టేడియంలో సైన్యం 150 మందికి పైగా జనాన్ని చంపింది. ప్రపంచం మొత్తం తిట్టిపోస్తున్నప్పుడే హాంకాంగ్ కేంద్రంగా ఉన్న ఒక కంపెనీతో 700 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరిందని ఆ సైనిక ప్రభుత్వం ప్రకటించుకుంది. అది తమ ప్రభుత్వ వ్యవహారం కాదని బీజింగ్ చేతులు దులుపుకుంది. వేలు పెట్టలేదు, సరే. పన్నెండేళ్ల తర్వాత 2021 సెప్టెంబరు 5న కల్నల్ మమాది దూంబుయా అధ్యక్షుడు ఆల్ఫా కోండేను దించేశాడు. ఈసారి బీజింగ్ విదేశాంగ శాఖ, ఎప్పుడూ లేనిది, సైనిక కుట్రను వ్యతిరేకిస్తున్నామని, కోండేను వెంటనే విడిచిపెట్టాలని బాహాటంగా అంది. ప్రపంచ మార్కెట్లో అల్యూమినియం ధర పదేళ్లలో లేనంత పైకి ఎగబాకింది. మధ్యలో ఏం మారింది? 2009లో గినీ మట్టి లేకపోయినా చైనాకు నడిచేది. 2021లో నడవదు. సూత్రాలు అవసరాన్ని బట్టి సాగుతాయని తిట్టడం తేలిక, నేను తిట్టను. నాకు ఆసక్తి కలిగించింది వేరే: షావుకారు కంగారు పడ్డాడని ఆ రోజు సంత మొత్తానికి తెలిసిపోయింది.

ఎక్కువగా తెలిసింది దూంబుయాకే. 2022లో కంపెనీల్ని పిలిచి, మట్టి పట్టుకుపోవడం చాలు, ఇక్కడే రిఫైనరీలు కట్టండని గడువు పెట్టాడు. మొదట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అబుదాబి, దుబాయ్‌ల వాటాలున్న ఎమిరేట్స్ గ్లోబల్ అల్యూమినియం అనుబంధ సంస్థ ఎగుమతులు 2024లో ఆపేసి, 2025లో లైసెన్సు కూడా లాక్కున్నాక అందరూ నిటారుగా కూర్చున్నారు. అదే ఏడు ఒక చైనా ప్రభుత్వ సంస్థ రిఫైనరీకి శంకుస్థాపన చేసింది. దెబ్బ ఎవరికి పడిందో, పాఠం ఎవరు నేర్చుకున్నారో గమనించండి. పెద్ద కొనుగోలుదారును కొట్టలేదు. పక్కవాడిని కొట్టి పెద్దవాడికి చూపించారు. గడుసు రాయబారమే.

గినీ వాదనతో నాకు పేచీ మొదలయ్యేది ఇక్కడే. రిఫైనరీ వస్తే బతుకులు మారతాయని వాళ్లు నమ్ముతున్నారు. విచిత్రం ఏమిటంటే ఆఫ్రికాలో మొదటి అల్యూమినా (బాక్సైట్ నుంచి తీసే పొడి, అల్యూమినియానికి ముడిసరుకు) రిఫైనరీ గినీలోనే, ఫ్రియాలో, 1960లోనే మొదలైంది. కట్టిన కంపెనీల్లో ఫ్రెంచి కంపెనీ పెషినే ఒకటి. మన దామన్‌జోడి నాల్కో (కేంద్ర ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ) రిఫైనరీకి ఇరవై ఏళ్ల తర్వాత పరిజ్ఞానం ఇచ్చిందీ అదే పెషినే. ఆ ఫ్రియా ఫ్యాక్టరీ తర్వాత్తర్వాత రష్యా కంపెనీ చేతిలోకి వెళ్లి, 2012లో సమ్మెతో మూతపడి, 2018లో గానీ తెరుచుకోలేదు. ఆ ఆరేళ్లు ఊరు ఊరంతా ఫ్యాక్టరీ గొట్టం వైపు చూస్తూ కూర్చుంది.

మనకు రిఫైనరీలు ఒకటి కాదు, దామన్‌జోడి, లాంజిగఢ్, టికిరి దగ్గర ఉత్కల్ అల్యూమినా, మూడున్నాయి. గినీ ఇప్పుడు అడుగుతున్నది ఈ కొండల దగ్గర ఉంది. అందువల్ల ఒరిగిందేమిటో మేం చెప్పగలం. టన్ను అల్యూమినా తీస్తే ఇంచుమించు అంతో, అంతకు మించో ఎర్ర బురద మిగులుతుంది, దానికి చెరువులు కట్టాలి. ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. మా బంధువుల పిల్లలే శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ఫిట్టర్లుగా, వెల్డర్లుగా కాంట్రాక్టర్ల కింద చేస్తున్నారు. రాయగడలో అద్దెలు పెరిగాయి, తెలుగు బోర్డున్న మెస్సులు పెరిగాయి. భూమి పోయినవాడి పేరు మాత్రం ఆ హాజరు పట్టీల్లో అరుదు. టికిరి రిఫైనరీ కోసం భూములు అడిగినప్పుడు 2000 డిసెంబరు 16న మైకంచ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు ఆదివాసీలు చనిపోయారు. బోకే రైతు రిఫైనరీ అడిగితే తప్పులేదు, కాగితంలో హాజరు పట్టీ గురించి ఒక వాక్యం రాయించుకోమని చెప్పాలనిపిస్తుంది.

ఇందులో మన దేశం పాత్ర చిన్నది. కొనాక్రీలో రాయబార కార్యాలయం తెరవాలని మన కేంద్రం నిర్ణయించిందే 2018లో, ఆఫ్రికాలో ఒకేసారి 18 చోట్ల తెరుద్దామనుకున్నప్పుడు. 2019లో రాష్ట్రపతి కోవింద్ వెళ్లొచ్చారు. మన కొనుగోలు చైనా కొనుగోలు పక్కన చెంచాడు. అందుకే రేటు మన చేతిలో లేదు. కొనాక్రీలో లైసెన్సు రద్దయితే, చైనాలోని షాన్‌డాంగ్ కంపెనీలు మిగిలిన సరుకు మీద పడితే, విశాఖలో దిగే మట్టి ప్రియమవుతుంది. అప్పుడు కొండల కింద ఫ్యాక్టరీ ఉన్నవాళ్లు మళ్లీ తలెత్తి కొండ వైపు చూస్తారు. కాశీపూర్ బ్లాకు వైపు సిజిమాలి కొండ గని 2023లో వేదాంతకు దక్కింది. గ్రామసభల తీర్మానాల్లో తమ సంతకాలు ఫోర్జరీ అని ఊళ్లవాళ్లు ఆరోపిస్తున్నారు. ఆ కొండను గినీయే తవ్విస్తోందని నేననను. మట్టి దూరం నుంచి ఎంత ప్రియంగా వస్తే, దగ్గర కొండ అంత చవగ్గా కనిపిస్తుందని మాత్రం అంటాను.

కొండ మీద "వద్దు" అనేది కూడా ఎంత దూరం పోతుందో సరిహద్దుకు అవతల, ఆంధ్రలో చూశాం. విశాఖ మన్యం బాక్సైట్ నమ్ముకుని మాకవరపాలెంలో అన్‌రాక్ రిఫైనరీ కట్టారు. గిరిజనులు ఒప్పుకోలేదు, ప్రభుత్వం సరఫరా ఒప్పందం రద్దు చేసింది. అందులో వాటా ఉన్న రస్ అల్ ఖైమా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ 2016లో భారత్, యూఏఈ ఒప్పందం చూపించి మన దేశం మీదే అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్లింది. చింతపల్లి కొండ మీద ఒక మాట అంటే ఎడారి ఎమిరేట్‌లో ఫైలు తెరుచుకుంది. ఏ రాయబారీ ఆ కొండ ఎక్కి ఉండడు.

నిన్న మళ్లీ గేటు పడింది. ఈసారి ఖాళీ వ్యాగన్లు, విజయనగరం వైపు. పెద్దాయన రాలేదు. కొట్టువాడు టీ వడగడుతూ తల కూడా ఎత్తకుండా "గిన్నీ కోళ్ల బండి పోతంది, మరో పది నిమిషాలు" అన్నాడు.